ప్రాణం పోసి పారిపోయినవాడు: ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో ముడిపడ్డ సృష్టికథలు

పిచ్చి సైంటిస్టు అనగానే మనకు ఒక దృశ్యం గుర్తొస్తుంది. కొండ మీద పాడుబడ్డ కోట, బయట ఉరుములు, లోపల బుడబుడలాడే గాజు కుప్పెలు, చెదిరిన జుట్టుతో తెల్లకోటులో ఒకాయన, పక్కన ఓ గూని సహాయకుడు. బల్ల మీది శవం వేలు కదపగానే ఆయన వెర్రికేక పెడతాడు. దీనికంతటికీ మూలం 1818లో అచ్చయిన మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అని చెబుతుంటారు. నవల తెరిస్తే మాత్రం ఇందులో ఏదీ కనిపించదు. కోట లేదు, గూనివాడు లేడు, మెరుపు దిగి శవంలోకి ప్రాణం రావడమూ లేదు. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ డాక్టరు కాదు, ప్రొఫెసరు అంతకన్నా కాదు. జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ యూనివర్సిటీకి చదువుకోడానికి వచ్చిన జెనీవా కుర్రాడు. ఇక అతను తయారుచేసిన జీవి పేరు ఫ్రాంకెన్‌స్టైన్ కాదు. ఆ జీవికి ఎవరూ పేరే పెట్టలేదు.

ఈ కథ విన్న తెలుగువాళ్లలో చాలామందికి మొదట తట్టేది భస్మాసురుడే. వరమిచ్చిన శివుడి నెత్తి మీదే చెయ్యి పెట్టబోయాడు కదా, ఇదీ అదే బాపతు, మనిషి చేసిందే మనిషిని మింగింది అనుకుంటాం. పోలిక అతికినట్టే ఉంటుంది కానీ సగమే నిజం. భస్మాసురుడు వరం చేతికందిన మరుక్షణం ఇచ్చినవాడి మీదికే వెళ్లాడు. విక్టర్ చేసిన జీవి మొదట్లో ఎవరికీ కీడు తలపెట్టలేదు. శివుడు పరిగెత్తింది తలమీదికొచ్చిన ముప్పు చూసి, విక్టర్ పరిగెత్తింది అసహ్యం పుట్టి. చెయ్యకూడని పని చెయ్యడం విక్టర్ తప్పా, చేసినదాన్ని వదిలేసి పోవడమా? ఈ ప్రశ్నకు నవల రెండోవైపే మొగ్గుతుందని నేను అనుకుంటాను. అందులో కలిసిన పాత సృష్టికథలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే ఆ మొగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ముందు ఆ రాత్రి ఏం జరిగిందో చూద్దాం. నవంబరు నెల, అర్ధరాత్రి దాటింది. కిటికీ అద్దాల మీద వాన చినుకులు, ఆరిపోబోతున్న కొవ్వొత్తి. ఇంటి పైభాగంలో ఎవరూ రాని ఒక గది. దాదాపు రెండేళ్లుగా విక్టర్ శవాగారాల నుంచి, కోత గదుల నుంచి, చివరికి జంతువధశాలల నుంచి కూడా ముక్కలు తెచ్చి అతికించాడు. చిన్న భాగాలతో పని ఆలస్యమవుతోందని కొలతలు పెంచాడు కాబట్టి జీవి ఎనిమిది అడుగుల ఎత్తు వచ్చింది. అందమైన అవయవాలనే ఏరుకున్నాడు. నల్లగా నిగనిగలాడే జుట్టు, ముత్యాల్లాంటి పళ్లు. కానీ మసకబారిన పసుపురంగు కన్ను తెరుచుకుని ఊపిరి కదలగానే అంతకాలం లేని అసహ్యం ఒక్కసారిగా ముంచుకొచ్చింది. విక్టర్ గది విడిచి పరుగెత్తాడు. పోయి ఏం చేశాడు? పడుకున్నాడు! పీడకలతో ఉలిక్కిపడి లేస్తే, మంచం తెర పక్కకు లాగి ఆ జీవి తననే చూస్తోంది. మాటలు కాని చప్పుళ్లేవో చేస్తూ నవ్వులాంటిది నవ్వింది, ఒక చెయ్యి చాచింది. పసిబిడ్డ ఇంకేం చేస్తుంది? విక్టర్ మళ్లీ పారిపోయి తెల్లారేదాకా కింద పెరట్లో తిరిగాడు. మర్నాడు స్నేహితుడితో కలిసి భయం భయంగా గదికి వచ్చి, అది ఖాళీగా ఉండటం చూసి సంతోషంతో చప్పట్లు కొట్టాడు. ఎనిమిది అడుగుల జీవి ఊరి మీద ఎక్కడుందో, ఏం తింటోందో అన్న ఆలోచన ఆ పూట అతనికి రాలేదు. నన్నడిగితే నవలలో అన్నిటికన్నా భయం పుట్టించేది ఈ చప్పట్లే.

నవల ఉపశీర్షిక ‘ఆధునిక ప్రొమీథియస్’. గ్రీకుల ప్రొమీథియస్‌కు రెండు కథలున్నాయి. మొదటిది అందరికీ తెలిసిందే. దేవతల దగ్గర నుంచి నిప్పు దొంగిలించి మనుషులకిచ్చాడు, జూస్ అతన్ని బండకు కట్టించాడు, రోజూ ఒక డేగ వచ్చి అతని కాలేయాన్ని తింటుంది, అది మళ్లీ పెరుగుతుంది. రెండోది రోమన్ కవి ఓవిడ్ చెప్పినది. అందులో ప్రొమీథియస్ మట్టిని నీళ్లతో కలిపి, దేవతల రూపంలో మనిషిని మలిచాడు. ఒకడు దొంగ, ఒకడు కుమ్మరి. మేరీ చుట్టూ ఉన్న మగవాళ్లకు నచ్చింది దొంగే. ఆమె మిత్రుడైన కవి బైరన్ 1816లో ప్రొమీథియస్ మీద పద్యం రాశాడు, ఆమె భర్త పెర్సీ షెల్లీ 1820లో ఏకంగా నాటకమే అచ్చువేశాడు. వాళ్లకతను నిరంకుశుడైన దేవుణ్ణి ఎదిరించిన వీరుడు. వాళ్లతో కలిసి ఉంటూనే పందొమ్మిదేళ్లైనా నిండని మేరీ ఇంకోవైపు నుంచి చూసింది. మలిచినవాడి సాహసం సరే, ఆ మట్టి సంగతేమిటి?

అప్పటి సైన్సు ఈ రెండు కథలనూ ఒకటిగా కలిపేసింది. ఇటలీలోని బొలోన్యాలో గాల్వానీ అనే వైద్యుడు చచ్చిన కప్ప కాళ్లు విద్యుత్తుతో తన్నుకోవడం చూసి, జంతు శరీరంలోనే ఒక విద్యుత్తు ఉందని 1791లో ప్రకటించాడు. ఓల్టా అనే మరో శాస్త్రవేత్త అది తప్పన్నాడు, ఆ వాదన నుంచే 1800లో బ్యాటరీ పుట్టింది. గాల్వానీ మేనల్లుడు ఆల్డీనీ మాత్రం కప్పలతో ఆగలేదు. 1803 జనవరిలో లండన్‌లోని న్యూగేట్ జైలు దగ్గర జార్జ్ ఫార్‌స్టర్ అనే హంతకుణ్ణి ఉరితీశాక ఆ శవానికి కరెంటు తీగలు ఆనించాడు. దవడ వణికింది. ముఖంలో కండరాలు మెలితిరిగాయి. ఒక కన్ను తెరుచుకుంది. తర్వాత కుడిచెయ్యి లేచి పిడికిలి బిగుసుకుంది, కాళ్లు కదిలాయి. చూసినవాళ్లలో కొందరు మనిషి లేచి కూర్చోబోతున్నాడనే అనుకున్నారట. హంతకుల శవాలను వైద్యులు కోసి చూడటానికి అప్పగించాలని ఇంగ్లండులో 1752 నుంచి చట్టం ఉంది. అవి చాలక సమాధులు తవ్వి శవాలు అమ్ముకునే దొంగలూ తయారయ్యారు. కాబట్టి విక్టర్ రాత్రిళ్లు శ్మశానాల వెంట తిరగడం అప్పటి పాఠకులకు దెయ్యాలకథగా అనిపించి ఉండదు. వాళ్ల ఊళ్లలో జరుగుతున్నదే.

గోతిక్ నవలల తీరు ఇక్కడే మారింది. 1764లో హొరేస్ వాల్పోల్ మొదలుపెట్టిన ఆ సంప్రదాయంలో భయమంతా పాత కోటల్లో, శాపాల్లో, దెయ్యాల్లో ఉండేది. మేరీ ఆ చీకటినీ ఏకాంతాన్నీ అలాగే ఉంచి మంత్రాన్ని మాత్రం తీసేసింది. విక్టర్ చిన్నప్పుడు అగ్రిప్పా, పారాసెల్సస్ లాంటి రసవాదుల పుస్తకాలు చదివాడు. సీసాలో బుల్లి మనిషిని పుట్టించవచ్చని రాసింది ఆ పారాసెల్సస్ పేరు మీదనే. యూనివర్సిటీలో అతనికి కొత్త రసాయనశాస్త్రం పట్టుబడింది. కోరిక పాతది, పనిముట్లు కొత్తవి. ఆ తర్వాత వచ్చిన పిచ్చి సైంటిస్టులందరికీ ఈ కలయికే తగులుకుంది. ఈ కారణంగానే రచయిత బ్రయాన్ ఆల్డిస్ 1973లో సైన్స్ ఫిక్షన్ చరిత్రను ఈ నవలతో మొదలుపెట్టాడు. దానిమీద వాదోపవాదాలు ఇప్పటికీ తెగలేదు, అది వేరే గొడవ.

‘జీవపు రవ్వ’ అని మేరీ ఒక్క మాటతో సరిపెట్టి ప్రాణం ఎలా వచ్చిందో వివరించకుండా వదిలేసింది. విక్టర్ కూడా ఆ రహస్యం చెప్పనంటాడు. దొంగ తెచ్చిన నిప్పు, కుమ్మరి చేతి మట్టి రెండూ ఆ రవ్వలో కలిసిపోయాయి.

ఇక బైబిల్ కథ. నవల మొదటి పేజీ మీద మిల్టన్ కావ్యం ‘ప్యారడైజ్ లాస్ట్’ నుంచి ఆదాము మాటలు ఉంటాయి. నన్ను మనిషిగా మలచమని మట్టిలో ఉండి నేను నిన్ను అడిగానా అని సృష్టికర్తను నిలదీస్తాడు ఆదాము. నవల ఎవరి పక్షమో అట్ట తిప్పగానే తెలిసిపోతోంది.

మధ్యలో కథ చెప్పే వంతు ఆ జీవికే వస్తుంది. ఇది నవలలో అన్నిటికన్నా గొప్ప ఎత్తుగడ. అతను ఒక పేద కుటుంబం ఇంటి పక్కన పాకలో దాక్కుని, గోడ సందులోంచి వాళ్లను చూస్తూ మాటలు నేర్చుకుంటాడు. రాత్రిళ్లు వాళ్లకు తెలియకుండా కట్టెలు కొట్టి తెచ్చి గుమ్మం ముందు పెడతాడు. అడవిలో దొరికిన ఒక తోలుపెట్టెలో మూడు పుస్తకాలుంటాయి: ప్లూటార్క్ రాసిన మహాపురుషుల జీవితాలు, గోథే ‘వెర్థర్’, మిల్టన్ కావ్యం. మిల్టన్‌ను అతను కల్పన అనుకోడు, జరిగిన కథే అనుకుని చదువుతాడు. తనూ ఆదాములాగే తల్లి లేకుండా పుట్టినవాణ్ణనుకుంటాడు. కానీ ఆదామును దేవుడు దగ్గరుండి చూసుకున్నాడు, మాట్లాడాడు, తోడునిచ్చాడు. తనకా మూడూ లేవు. చివరికి తన పరిస్థితి సాతాను పరిస్థితికే దగ్గరగా ఉందని తేల్చుకుంటాడు. సాతానుకు కూడా సాటి సైతానులు తోడున్నారు, నాకు అదీ లేదంటాడు. ఆల్ప్స్ మంచుకొండల్లో విక్టర్ ఎదురుపడినప్పుడు, నేను నీ ఆదామును కావలసినవాణ్ణి, ఏ పాపం చెయ్యకుండానే నన్ను తరిమేశావు అంటాడు. సృష్టికథ చదివిన సృష్టి, తనను చేసినవాడి దగ్గరికి పద్దులు తేల్చుకోడానికి వచ్చింది. ప్రొమీథియస్ మట్టిబొమ్మలు ఈ పని చెయ్యలేదు.

అతను అడిగింది ఒక్కటే, ఒక తోడు. విక్టర్ ఒప్పుకుని స్కాట్లండు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో ఆడజీవిని చెయ్యడం మొదలుపెట్టి, సగంలో చింపి పారేస్తాడు. వాళ్లిద్దరికీ పిల్లలు పుడితే మానవజాతి ఏమవుతుందన్నది అతని భయం. బుద్ధిగల మాటే. కానీ ఆ బుద్ధి మొదటి జీవి విషయంలో రెండేళ్లపాటు ఏమైందని పాఠకుడికి అనుమానం రాక మానదు.

మూడో సృష్టికథ ఏ పురాణంలోనూ లేదు, రచయిత్రి ఇంట్లో ఉంది. మేరీ 1797 ఆగస్టు 30న పుట్టింది. స్త్రీల హక్కుల కోసం పుస్తకం రాసిన ఆమె తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ పదకొండు రోజులకే బాలింత జ్వరంతో పోయింది. 1815లో మేరీకి నెలలు నిండకుండా ఆడపిల్ల పుట్టి, రెండు వారాలు తిరక్కుండానే చనిపోయింది. ఆ మార్చి నెల డైరీలో ఆమె ఒక కల గురించి రాసుకుంది. బిడ్డ బతికే ఉంది, ఒళ్లు చల్లబడిందంతే, మంట దగ్గర పెట్టి ఒళ్లు రుద్దితే లేచింది. మెలకువ వస్తే బిడ్డ లేదు. మరుసటి ఏడు జెనీవా సరస్సు ఒడ్డున, బైరన్ అద్దెకు తీసుకున్న ఇంట్లో దెయ్యాలకథల పోటీ పెట్టుకున్నారు. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ ధూళికి 1816లో యూరప్‌లో ఎండాకాలమే సరిగా రాలేదు. వానలకు ఇల్లు కదల్లేకే ఆ పోటీ. అప్పటికి ఆమె ఒళ్లో ఆరు నెలలైనా నిండని కొడుకున్నాడు. చచ్చినదాంట్లో వేడి పుట్టిస్తే లేస్తుందన్న ఆలోచన ఆమెకు గాల్వానీ నుంచి ఎంత వచ్చిందో ఆ కల నుంచీ అంతే వచ్చిందని 1970లలో సాహిత్య విమర్శకురాలు ఎలెన్ మోయర్స్ వాదించింది. ఆ తర్వాత ఈ నవలను పురిటి భయం కథగా చదవడం మొదలైంది.

అలా చదివితే విక్టర్ చేసిన పని ఇంకోలా కనిపిస్తుంది. ఆడదాని అవసరం లేకుండా బిడ్డను పుట్టించాలనుకున్నాడు. పుట్టించడం వరకే ఆలోచించాడు, పెంచడం అతని లెక్కలో లేదు. వినాయక చవితి కథ తెలిసినవాళ్లకు ఇది చప్పున అందుతుంది. పార్వతి నలుగుపిండితో బొమ్మ చేసి ప్రాణం పోసింది, అదీ మగతోడు లేని సృష్టే. తల తెగిపడితే ఏనుగు తల తెచ్చి అతికించారు. అతుకుల శరీరమే, చూడ్డానికి విడ్డూరమే. కానీ ఆమె బొమ్మకు ప్రాణం రాగానే కొడుకని పిలిచింది, కొడుకు పోతే ఏడ్చింది. అందుకే ఆ అతుకుల దేవుడికి మనం ఏటా ఉండ్రాళ్లు పెడుతున్నాం. విక్టర్ జీవికి కరువైంది ఆ పిలుపే.

మరి ఇలాంటి కథ ‘దేవుడి పనిలో వేలు పెట్టకు’ అనే హెచ్చరికగా ఎలా మారింది? మొదటి అడుగు నాటకానిది. 1823లో లండన్‌లో రిచర్డ్ బ్రిన్స్‌లీ పీక్ దీన్ని రంగస్థలం మీదికి తెచ్చాడు. నాటకం పేరులోనే ‘దురహంకారం’ అన్న మాట పెట్టాడు, ఫ్రిట్జ్ అనే సహాయకుణ్ణి కల్పించాడు. నవలలో పేజీల కొద్దీ వాదించే జీవికి నాటకంలో మాటలే లేకుండా చేశాడు. మేరీ వెళ్లి చూసింది. పాత్రల పట్టికలో జీవి పేరున్నచోట గీత మాత్రమే గీయడం ఆమెకు భలే నచ్చింది.

రెండో అడుగు మేరీదే. 1831 ముద్రణకు ఆమె కొత్త ముందుమాట రాసింది. సృష్టికర్త యంత్రాంగాన్ని మనిషి అనుకరించబోవడం ఎంత భయంకరమో అన్న ధోరణి అందులో గట్టిగా ఉంటుంది. నవల లోపల కూడా విధి ఆడించిందన్న మాటలు పెరిగాయి. ఆ మార్పు వెనుక కారణాలు వెతకడం కష్టం కాదు. మధ్యలో ఇద్దరు పిల్లలు పోయారు, 1822లో భర్త పడవ మునిగి చనిపోయాడు. వాళ్ల కుటుంబానికి వైద్యం చేసిన విలియం లారెన్స్, ప్రాణం అనేది శరీరానికి బయటి నుంచి వచ్చే వేరే పదార్థం కాదని ఉపన్యాసాలిచ్చి, 1819లో ఆ పుస్తకాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అది దైవదూషణ కాబట్టి కాపీరైటు రక్షణ ఇవ్వనని కోర్టు కూడా అంది. ఒంటరిగా కొడుకును పెంచుకుంటున్న రచయిత్రి కాస్త వెనక్కి తగ్గితే తప్పు పట్టలేం. కానీ చాలాకాలం ఎక్కువమంది చదివింది ఆ 1831 ప్రతే. వీలైతే 1818 పాఠం చదవండి, అది ఇంకా కరకుగా ఉంటుంది.

మూడో అడుగు 1931 హాలీవుడ్ సినిమా. మనం మొదట చెప్పుకున్న దృశ్యానికి సగం రంగులు అక్కడివే: పెద్ద పెద్ద విద్యుత్ యంత్రాలు, మెరుపు, మెడకు రెండు బోల్టులు. వీటికి నాకు అభ్యంతరం లేదు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి. అసలు దెబ్బ వేరేచోట పడింది. సహాయకుడు మంచి మెదడు ఉన్న సీసా జారవిడిచి, నేరస్థుడి మెదడు పట్టుకొస్తాడు. దాంతో జీవి చెడ్డవాడు కావడానికి పుట్టుకే కారణమైంది, స్పేరుపార్టు మార్చి ఉంటే అంతా బాగుండేదన్నట్టు. ఆదరణ లేక చెడ్డాననే నవలలోని జీవి వాదనకు అక్కడ చోటు లేకుండా పోయింది. ఆ జీవి ఒక పసివాణ్ణి గొంతు నులిమి చంపినప్పుడు కూడా మనం అతన్ని పూర్తిగా ద్వేషించలేకపోయామంటే అది ఆ వాదన బలమే.

నవలలో విక్టర్ పిచ్చివాడా? జ్వరాలు, కలవరింతలు ఉన్నమాట నిజమే. కానీ అతని చివరి రోజులు చూడండి. ఉత్తరధ్రువం దారిలో మంచులో ఇరుక్కున్న వాల్టన్ అనే అన్వేషకుడి ఓడలో చావుబతుకుల మధ్య ఉన్నాడు. నావికులు వెనక్కి పోదామంటే, వాళ్లను పిరికివాళ్లని తిట్టి ఉపన్యాసమిస్తాడు. చనిపోయే ముందు తన నడవడి అంతా తరచి చూసుకున్నానని, అందులో తప్పు కనిపించలేదని చెబుతాడు. తన ఆశలు కూలినా ఇంకొకరికి ఫలించవచ్చేమో అంటాడు. ఇది పిచ్చి కాదు. బాగా చదువుకున్నవాడి ఆత్మవిశ్వాసం. తన ఓడలో ఉన్నవాళ్ల మాట విని వెనక్కి తిరిగింది వాల్టన్ ఒక్కడే, సినిమాలు ఎక్కువగా అతన్నే కోసేస్తాయి.

తర్వాత వచ్చినవాళ్లు ఈ ముడిని తలా ఒకవైపు లాగారు. 1886లో స్టీవెన్‌సన్ రాసిన కథలో డాక్టర్ జెకిల్, మట్టీ శవాలూ అక్కర్లేకుండా తనలోంచే హైడ్ అనే దుష్టుణ్ణి తీశాడు. అక్కడా తండ్రీకొడుకుల భాషే. జెకిల్‌కు తండ్రిని మించిన మమకారం, హైడ్‌కు కొడుకును మించిన నిర్లక్ష్యం అని రాసుకుంటాడు.

హెచ్.జి.వెల్స్ 1896లో సృష్టించిన డాక్టర్ మోరో విక్టర్‌కు తిరగేసిన రూపం. వెల్స్ జీవశాస్త్రం చదివింది డార్విన్ వాదాన్ని మోసిన హక్స్‌లీ దగ్గర. బతికున్న జంతువులను కోసి ప్రయోగాలు చెయ్యడం మీద ఇంగ్లండులో అప్పటికి రెండు దశాబ్దాలుగా గొడవ నడుస్తోంది, 1876లో చట్టమూ వచ్చింది. మోరో ఒక దీవిలో చిరుతలనూ పందులనూ కోసి, కుట్టి మనుషుల్లా మారుస్తుంటాడు. అతను పారిపోడు. అక్కడే ఉంటాడు, దేవుడై కూర్చుంటాడు. ఆ మృగమనుషులు చీకటి గుడిసెలో ఊగుతూ ధర్మసూత్రాలు వల్లిస్తారు: నాలుగు కాళ్ల మీద నడవకూడదు, మేం మనుషులం కామా? మలిచేది ఆయన చెయ్యి, బాధల ఇల్లు ఆయనది. పది ఆజ్ఞలు, నరకం, స్తోత్రం అన్నీ ఒకే పాటలో. తాను చేసినదాన్ని వదలకుండా పట్టుకున్నంత మాత్రాన తండ్రి కాడని వెల్స్ చూపించాడు. మోరోకు ఆ జీవుల మీద ఆసక్తి కోత పూర్తయ్యేదాకే. సగంలో కట్లు తెంచుకున్న ఆడ ప్యూమా (చిరుత లాంటి మృగం) చేతిలో చస్తాడు.

1921లో ప్రాగ్‌లో కారెల్ చాపెక్ నాటకం ‘ఆర్.యు.ఆర్.’ ప్రదర్శించారు. రబ్బీ (యూదు మతగురువు) లోవ్ మట్టితో గోలెమ్ అనే బొమ్మను చేసి ప్రాణం పోశాడని యూదులు చెప్పుకునే ఊరు అది. రోబో అన్న మాట లోకానికి ఇచ్చిన నాటకం ఇదే, అయితే వాటిలో ఇనుము లేదు, అవి రసాయనాలతో చేసిన మనుషులే. అందులో ముసలి రోసుమ్ పాతకాలపు పిచ్చి సైంటిస్టు. దేవుడు అనవసరమని రుజువు చెయ్యడానికి అచ్చం మనిషినే చెయ్యబోయి ఏళ్లు తగలేశాడు. అతని తర్వాతివాడైన ఇంజనీరు రోసుమ్‌కు దేవుడితో పేచీ లేదు. ఆటపాటలు, బాధ, ఆనందం లాంటి పనికిరానివన్నీ కోసేసి చవగ్గా కూలీలను తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టాడు. ఇక్కడితో సృష్టికర్త ఒక మనిషి కాదు, కంపెనీ. నిలదీద్దామన్నా ఎదురుగా ఎవరూ ఉండరు. రోబోలు తిరగబడి మనుషులను చంపేస్తాయి. మిగిలింది ఆల్క్విస్ట్ అనే ఒక్క ముసలాయన. తమ జాతి నిలవడానికి కిటుకు చెప్పమని రోబోలు అడిగితే, ఒక జంటలో ఒకరిని కోసి చూస్తానంటాడు. ఇద్దరూ నన్ను కొయ్యమంటే నన్ను కొయ్యమని ముందుకొస్తారు. ఆయన కత్తి పక్కన పెట్టి, వెళ్లు ఆదామూ, వెళ్లమ్మా అవ్వా అని పంపేస్తాడు. విక్టర్ ఆర్క్‌నీలో చింపి పారేసిన రెండో జీవికి ఆ నాటకంలో తలుపు తెరుచుకుంది, మనుషులందరూ పోయాక.